నేను దించిన గంపలు

మొన్న మాఘమాసంలో కాటారం బస్టాండులో భూపాలపల్లి బస్సు కోసం కూర్చుని ఉన్నాను. మేనకోడలిని చూడడానికి వచ్చి జనగామకు తిరిగి వెళ్తున్నాను. పక్కన టీకొట్టులో టీవీ మోగుతున్నది. వార్తల చివర వాతావరణం చెప్పారు. కోస్తాలో ఆకాశం మబ్బుపట్టి ఉంటుంది. తూర్పు కొండల్లో రాత్రిపూట చలి తగ్గింది, పొద్దున పొగమంచు దట్టంగా ఉంటుంది. రెండు మూడు రోజుల్లో అక్కడక్కడ జల్లులు పడవచ్చు. టీ తాగుతున్న వాళ్ళెవరూ తల ఎత్తలేదు. ఎక్కడో సముద్రం ఒడ్డు సంగతి, కొండల సంగతి. దానితో కాటారానికి ఏం పని?

నేను మాత్రం లెక్కవేశాను. ఇవాళ మంగళవారం. శుక్రవారం మధ్యాహ్నానికల్లా మహబూబాబాద్ వైపు వాన రావాలి. ఈ లెక్క నాకు నేర్పిన మనిషి గురించి ఆలోచించకుండా ఆ వార్తను నేనెప్పుడూ వినలేను.

అంతలో ఖాకీ చొక్కా వేసుకున్న మనిషి ఒకడు నా ముందుకు వచ్చి, "మీరు మా తండా బడిల చెప్పిన సారే గద?" అన్నాడు. నా దగ్గర మూడో తరగతి చదివాడట. ఇప్పుడు భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతున్నాడు. తండాలో ఎవరెలా ఉన్నారో చెప్పాడు. చివరికి టీవీ వైపు చూసి నవ్వాడు.

"గిదంత మన కాక ఎన్నడో చెప్పెటోడు సారు. మొన్న కార్తీకంల సచ్చిపోయిండు. మంచోడే, గని ఆ ఏడు తండాను ముంచిండు. గంపలు ఎక్కియ్యనే లేదు. మా నాయిన కల్లం మొత్తం నీళ్ళపాలాయె."

ఎక్కించాడు. ఆ పొద్దున ఆయన గంపలు ఎక్కించాడు, దించింది నేను. ఆ మాట బస్టాండులోనే చెప్పాల్సింది. బస్సు వచ్చింది. సీటు దొరకదేమోనని తొందరపడ్డట్టు నటించి ఎక్కేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాయవద్దని ఆయన బిడ్డ చెప్పింది. తండాలో చిన్నా పెద్దా అందరూ ఆయనను కాక అనేవాళ్ళు, నేనూ అలాగే రాస్తాను.

ఆ తండా మహబూబాబాద్ వైపు ఉంది. ఉన్న భూమి తక్కువ, ఉన్నదంతా మిరప. శివరాత్రికి ముందూ వెనకా కాయలు ఏరి కల్లాల్లో ఆరబోస్తారు. పది రోజులు ఎండాలి. ఆ పది రోజుల్లో ఒక్క వాన పడితే కాయ తెల్లబడి తాలు అవుతుంది, ఏడాది చాకిరీ అంతా పోతుంది. వాన వస్తున్నదని పొద్దున్నే తెలిస్తే మాత్రం కాయను కుప్పచేసి పరదాలు కప్పుకోవచ్చు. ఆ పనికి ఇంటిల్లిపాదికీ సగం రోజు పడుతుంది. అందుకే ఆ సగం రోజు ముందు చెప్పే మనిషి కావాలి. కాక అలా చెప్పే మనిషి.

ఆయన ఇల్లు చిన్న గుట్ట మీద ఉండేది. వాకిట్లో పెద్ద వెదురు బొంగు పాతి, దాని కొసకు ఎండిపోయిన బావి నుంచి తెచ్చిన గిరక కట్టాడు. తారు పూసిన రెండు గంపలు ఉండేవి. బొంగు ఖాళీగా ఉంటే నిశ్చింతగా ఆరబెట్టుకోవచ్చు. ఒక గంప ఎక్కితే మబ్బు మీద కన్నేసి ఉంచాలి. రెండు గంపలు ఎక్కితే చేతిలో పని వదిలేసి కల్లానికి ఉరకాలి. కల్లాల నుంచి ఎవరు తల ఎత్తినా ఆ బొంగు కనబడేది. పెళ్ళి మాటలు మాట్లాడుకునేటప్పుడు కూడా ఆ తండా మనుషులు మధ్యలో ఒకసారి అటు చూసేవాళ్ళు.

ఈ పద్ధతి ఆయనకు కాకినాడ రేవులో అబ్బింది. వయసులో ఉన్నప్పుడు వలసపోయి అక్కడ బస్తాలు మోశాడు. తుఫాను వచ్చేముందు రేవులో కొయ్య మీద నల్లటి గుర్తులు ఎక్కించడం చూశాడు. అవి చూడగానే పడవలన్నీ ఒడ్డుకు వచ్చేవట. తండాకు తిరిగివచ్చాక సముద్రం లేని చోట తానూ ఒక కొయ్య పాతాడు.

పొద్దునా సాయంత్రం రేడియో వినేవాడు. దాన్ని చెవికి ఆనించుకోడు. బస్తా మోసినట్టు భుజం మీద పెట్టుకుని, మనకు వీపు తిప్పి, తూర్పు వైపు చూస్తూ వింటాడు. మన ప్రాంతం గురించి చెప్పేదాన్ని పెద్దగా పట్టించుకోడు. కోస్తా, కొండలు, అంతే. "మన మీదికొచ్చే వాన ముందుగాల అక్కడ చెప్పి వస్తది సారు" అనేవాడు. మన్యం కొండల మీద రాత్రి చలి ఉన్నట్టుండి తగ్గిందంటే సముద్రం గాలి లోపలికి వస్తున్నట్టట. అక్కడి నుంచి మూడో రోజు మన వంతు. రేడియో ఒక్కదాన్నే నమ్మేవాడు కాదు. గుమ్మం పక్కన బండ మీద చిటికెడు గళ్ళుప్పు పెట్టి, తెల్లవారుజామున వేలితో తాకి చూసేవాడు. ఉప్పు చెమ్మగిలితే రేడియో మాట నిజమని ఒప్పుకునేవాడు. కొత్తలో నేను దానికి నవ్వాను. వేసవి దాటేసరికి మండల కేంద్రంలో నా అద్దె గది కిటికీలో నేనూ ఉప్పు పెట్టుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆయన లెక్క తప్పిన రోజులూ ఉన్నాయి. రెండు గంపలు ఎక్కుతాయి, అందరూ పని మానుకుని కల్లాలు కప్పుతారు, సాయంత్రం దాకా ఎండ కాస్తుంది. అలాంటి మరునాడు ఆయన భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని కల్లం కల్లానికీ తిరిగేవాడు. "నిన్న తప్పు జెప్పిన" అనేవాడు. ఆడవాళ్ళు తిట్టేవాళ్ళు, ముసలివాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. అన్నీ విని, తర్వాతి కల్లానికి వెళ్ళేవాడు. చెప్పింది నిజమైన రోజు మాత్రం ఇల్లు కదిలేవాడు కాదు. ఆ రోజు ఎవరైనా మెచ్చుకుంటారేమోనని భయం కావచ్చు.

నేను పాలకుర్తి దగ్గర ఊరివాణ్ణి. భూమీ పశువులూ ఉన్న కుటుంబం. హైదరాబాదులో చదివేటప్పుడు నా మాటకు తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. నేను 'గిట్ల' అన్నప్పుడల్లా ఒకడు సినిమాలో హాస్యగాడి గొంతుతో దాన్ని మళ్ళీ అనేవాడు. ఆ మంట నాలో చాలా ఏళ్ళు ఉంది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం లేచినప్పుడు నేను ఆ తండాలో టీచరుగా ఉన్నాను. మండల కేంద్రంలో దీక్షా శిబిరం వేస్తే మైకు నా చేతికి వచ్చింది. బాగా మాట్లాడతానని పేరు కూడా వచ్చింది.

కాక కూడా శిబిరానికి వచ్చేవాడు. వారంలో ఒక రోజు సైకిల్ మీద వచ్చి, సాయంత్రం దాకా పస్తుండి వెళ్ళేవాడు. వాతావరణం చెప్పే వేళకు మాత్రం నెమ్మదిగా లేచి, చాటుగా బీడీ తాగబోయే మనిషిలా టెంటు వెనక్కి వెళ్ళేవాడు. అక్కడి నుంచి సన్నగా రేడియో వినబడేది. ఒక రోజు నేను మైకులో, "మనమిక్కడ మన రాష్ట్రం అడుగుతుంటే మన కాక అవతల వాళ్ళ సముద్రం ముచ్చట ఇంటున్నడు. ఇగ ఈయన పేరు ఆంధ్ర రేడియో" అన్నాను. టెంటు మొత్తం నవ్వింది. ఆయన రేడియో కట్టేసి వచ్చి కూర్చుని, తానూ నవ్వాడు. ఆ పేరు నిలిచిపోయింది. బడిపిల్లలు కూడా వెనక నుంచి అలా పిలవడం విన్నాను. వారించలేదు.

తర్వాత ఒకసారి ఒంటరిగా ఉన్నప్పుడు, మన మాటకు నవ్వేవాళ్ళ రేడియోను ఎలా నమ్ముతావని అడిగాను.

"రేవు కాడ మా మేస్త్రి ఆ దిక్కాయనే. నేను నోరు తెరిస్తె నవ్వెటోడు. తుఫానొచ్చే దినం మాత్రం రెక్క వట్టి గుంజి నన్ను పడవెక్కనియ్యలె. రెండూ నిజమే సారు."

నాకు ఆ జవాబు నచ్చలేదు. రెండింటిలో ఒకటే నిజం కావాలని అప్పట్లో నా పట్టుదల.

ఆ ఏడు మాఘం చివర మండల కేంద్రంలో పెద్ద సభ పెట్టారు. హైదరాబాదు నుంచి పెద్ద మనిషి వస్తున్నాడు. ఎవరెంత మందిని తెస్తారని అడిగితే తండా నుంచి రెండు ట్రాక్టర్లు నిండా తెస్తానని నేను అందరి ముందూ మాట ఇచ్చాను. మిరపకాయ కల్లాల్లో ఉన్న రోజులవి. రాష్ట్రం కోసమే అంత మాట ఇచ్చానని చాలా కాలం అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ పెద్ద మనిషి ముందు నా ట్రాక్టర్లు ఖాళీగా రావడం నాకు ఇష్టం లేదు. అంతే.

పొద్దున్నే జనాన్ని బయలుదేరదీయాలని ముందు రోజే వెళ్ళి బడిలో పడుకున్నాను. తెల్లవారేసరికి చెయ్యి చాస్తే చెయ్యి కనబడనంత మంచు. నేను మొహం కడుక్కుంటుంటే కాక సైకిల్ నడిపించుకుంటూ వచ్చాడు.

"రెండు గంపలెక్కిచ్చిన సారు. పొద్దుగూకక ముందే కొడ్తది. మా బిడ్డోళ్ళ తండాకు బొంగు కనవడది, పోయి జెప్పొస్త. మీటింగు రేపు వెట్టుకోరాదు?"

"మీటింగులు నీ రేడియోనడిగి పెట్టరు కాకా."

"అడిగితె తప్పేంది?" అని నవ్వాడు. "మంచు లేస్తె అందరు సూస్తరు తియ్" అంటూ సైకిలెక్కి మంచులోకి వెళ్ళిపోయాడు.

సైకిల్ చప్పుడు వినబడకుండా పోయేదాకా నిలబడ్డాను. తర్వాత గుట్ట ఎక్కాను. బొంగు మొదలు మాత్రమే కనబడుతున్నది, పైన ఏముందో తెలియడం లేదు. నాకే కనబడనిది ఇంకెవరికి కనబడుతుంది? తాడు విప్పాను. గిరక కిర్రుమంది. గంపలు రెండూ మంచులో నుంచి నా చేతుల్లోకి దిగాయి. తాడు మళ్ళీ బొంగుకు కట్టేసి, గంపలు తెచ్చి బడిలో వంటకట్టెలు పెట్టే గదిలో దాచాను. అంతా కలిపి బీడీ కాల్చినంత సేపు కూడా పట్టలేదు.

మంచు విడిచేసరికి ఆకాశం కడిగినట్టుంది. ముందుగా వచ్చింది కాటారంలో కలిసిన ఆ లారీ డ్రైవరు తండ్రి. తండాలో అందరికన్నా పెద్ద కల్లం ఆయనది. గుట్ట వైపు చూసి, "బొంగు ఖాళీగున్నది, ఇగ పరేషాన్ లేదు. కాక ఏడి సారు?" అన్నాడు.

"బిడ్డోళ్ళింటికి పోయిండు. అందర్ని మీటింగుకు పొమ్మనే చెప్పిండు."

అది నేనన్న మాట. దించడం ఒక తప్పు, ఇది దాని మీద రెండోది. ఎవరూ నన్ను రెండోసారి అడగలేదు. సారు చెప్పాడు కదా. ఒక ముసలవ్వ మాత్రం, మబ్బు లేకపోతే కాక ఇంత పొద్దున్నే బిడ్డ తండాకు ఎందుకు పోయాడని గొణిగింది. ఆమెను పక్కవాళ్ళు మాట్లాడనివ్వలేదు. కాయలు పలచగా పరిచి, పరదాలు మడిచి ఇళ్ళలో పెట్టి, అందరూ ట్రాక్టర్లెక్కారు.

సభలో పెద్ద మనిషి రావడం ఆలస్యమైంది. నేను మైకులో తండా జనాన్ని చూపించి, పంటను కల్లంలో వదిలి వచ్చిన త్యాగమూర్తులని పొగిడాను. చప్పట్లు పడ్డాయి. కాసేపటికి తూర్పు నుంచి చల్లగాలి తగిలింది. ఆయన మాట్లాడడం మొదలుపెట్టకముందే మబ్బు కమ్మింది. మొదట వడగళ్ళు, వాటి వెనకే వాన. తండా జనం ఒక్కసారిగా ట్రాక్టర్ల వైపు పరుగెత్తారు. నేను వేదిక కింద తలదాచుకున్నాను.

వాన వెలిశాక బండి మీద తండాకు వెళ్ళాను. బోదెల్లో ఎర్రటి నీళ్ళు పారుతున్నాయి. నీళ్ళ మీద కాయలు తేలుతున్నాయి. తడిసిన మిరప ఘాటుకు అందరూ దగ్గుతున్నారు, ఎవరు దగ్గుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో తెలియడం లేదు. కాక మధ్యాహ్నమే తిరిగి వచ్చాడట. దూరం నుంచే ఖాళీ బొంగు చూసి, సైకిల్ పడేసి, ఇళ్ళ దగ్గరున్న ముసలివాళ్ళను కేకేసి, ఎదురైన కల్లాన్ని ఎదురైనట్టు కుప్పచేశాడట. వాన వచ్చేసరికి మూడు కల్లాలే కప్పగలిగారు. తన కల్లం చివరికి ఉంచుకున్నాడు. అక్కడిదాకా వెళ్ళనే లేదు.

జనం గుట్ట మీదికి వచ్చి ఆయనను చుట్టుముట్టారు. నేను వెనక వరసలో ఉన్నాను. గంపలు ఎందుకు ఎక్కించలేదని పెద్ద కల్లం రైతు గుంజి అడుగుతున్నాడు. కాక బొంగు దగ్గరికి వెళ్ళి తాడు ముడిని వేళ్ళతో తడిమాడు. ఆయన వేసేది రేవులో నేర్చుకున్న ముడి. అక్కడ ఉన్నది బర్రెను కట్టేసే ముడి. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి నేను వేసినది. తండాలో బర్రెలు లేని ఇల్లు లేదు కాబట్టి ఆ ముడి ఎవరిదైనా కావచ్చు. అయితే ఆ పొద్దున గంపలు ఎక్కాయని తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే.

భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. "తప్పు నాది" అన్నాడు.

ఎవరో "ఆంధ్ర రేడియో ముంచింది తండాను" అని అరిచారు. నేను పెట్టిన పేరు అది. పెద్ద కల్లం రైతూ మరో ఇద్దరూ కలిసి బొంగు పెరికి, బండకేసి కొట్టి విరగ్గొట్టారు. కాక పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. మరునాడు పొద్దున తువ్వాల చేతపట్టుకుని కల్లం కల్లానికీ తిరిగాడు. కప్పి కాపాడిన ఆ మూడు కల్లాలకు కూడా వెళ్ళాడు.

నాలుగైదు రోజుల తర్వాత, పిల్లలు ఇళ్ళకు పోయాక, బడి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"సారూ, ఆ గంపలిస్తవా? పేడకళ్ళెత్త పనికొస్తయి."

నేను కట్టెల గదిలోకి వెళ్ళి తెచ్చి ఇచ్చాను. ఇచ్చాక కూడా ఆయన కదలలేదు. అందరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె నమ్ముతరా? సారు అబద్ధమాడిండంటే మా తండాల నమ్మరు."

"నమ్మితే?"

"నమ్మితె ఇంకా పరేషాన్. ఉద్యమపోళ్ళే గంపలు దించి ముంచిండ్రంటే రేపటి సంది ఒక్కడు మీటింగుకు రాడు. రాష్ట్రం నాకొద్దా సారు?"

ఆయనను వెక్కిరించిన మైకు నాది. ఆ మైకు పరువు కాపాడింది ఆయన.

గంపలు ఒకదానిలో ఒకటి పెట్టుకుంటూ ఆయనే మళ్ళీ అన్నాడు. "రాష్ట్రం వచ్చినంక చెప్పు. నువ్వే చెప్పాలె. నేను చెప్తె తప్పించుకునేటందుకు చెప్పినట్టుంటది."

చెప్తానన్నాను. ఒట్టు వేస్తానన్నాను. ఒట్టు అవసరం లేదన్నాడు.

రాష్ట్రం రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. ఆ కొన్నేళ్ళు నేను ఆ తండాలోనే పనిచేశాను, కాబట్టి అన్నీ కళ్ళారా చూశాను. ఆయనను వాన గురించి ఎవరూ అడిగేవాళ్ళు కాదు. బొంగు మళ్ళీ పాతలేదు. పెద్ద కల్లం రైతు బిడ్డ పెళ్ళికి తండా మొత్తాన్ని పిలిచి ఆ ఒక్క ఇల్లు వదిలేశారు. అయితే ఒక వింత జరిగేది. ఆయన పొద్దున్నే లేచి తన కల్లంలో కాయను కుప్పచేయడం మొదలుపెడితే, చుట్టుపక్కల వాళ్ళు ఒక్క మాట మాట్లాడకుండా తమ కల్లాలూ కుప్పచేసుకునేవాళ్ళు. ఆయన పరదా కప్పితే వాళ్ళూ కప్పేవాళ్ళు. పలకరింపు లేదు, ఆయన చెప్పే వాన మాత్రం కావాలి. అది తెలిసి ఆయన అందరికీ కనబడేలా, నిదానంగా, పెద్ద పెద్దగా చేతులు ఊపుతూ కుప్పచేసేవాడు. ముసలితనంలో ఆ పని అంత సేపు చేయడం కష్టం.

రాష్ట్రం వచ్చిన రోజు తండాలో రంగులు చల్లుకున్నారు. బడి ముందు కుర్చీలు వేసి నాకు శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. కాక జనం చివర వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఉతికిన అంగీ వేసుకున్నాడు, గడ్డం గీసుకున్నాడు. ఆయన ఎందుకు అలా తయారై వచ్చాడో నాకొక్కడికే తెలుసు. నేను అమరుల గురించి మాట్లాడాను. నీళ్ళ గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడాను. మన యాస గురించి మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను. మాటలు అయిపోవస్తున్నప్పుడు ఒక క్షణం ఆగాను. పెద్ద కల్లం రైతు మొదటి వరసలో, నా ఎదురుగా, నుదుటి నిండా గులాల్‌తో నవ్వుతున్నాడు. నేను జై కొట్టించి దిగిపోయాను.

జనం తగ్గాక కాక నా దగ్గరికి వచ్చాడు. ఆయన పళ్ళెంలో నుంచి ఒక లడ్డు తీసుకున్నాడు.

"ఇయాల సంబురం దినం. ఇంకోనాడు చెప్తువు తియ్ సారు" అన్నాడు.

నాకు సాకు వెతికిపెట్టింది కూడా ఆయనే. ఆ మరుసటి ఏడు నాకు బదిలీ అయింది. నర్మెట్టలో కొంతకాలం, తర్వాత జనగామ. ఇన్నేళ్ళలో ఆ తండాకు వెళ్ళడానికి ఒక ఆదివారం కూడా దొరకలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆయనకు ఫోన్ ఉందో లేదో కనుక్కోలేదు.

కాటారం నుంచి వచ్చిన మూడో రోజు, శుక్రవారం, వెళ్ళాను. మబ్బు పట్టి ఉంది. కల్లాలన్నీ కప్పి ఉన్నాయి. ఇప్పుడు అందరికీ ఫోన్లలో తెలుస్తుంది. కాక ఇంట్లో ఆయన బిడ్డ ఉంది. భర్త పోయాక తండ్రి దగ్గరికే వచ్చేసిందట. నేను ఎవరో చెప్పాను. కుర్చీ వేసింది. పెద్ద కల్లం రైతును పిలిపించమన్నాను. ఆయన కర్ర పట్టుకుని వచ్చాడు, బాగా ముసలివాడయ్యాడు. ఇద్దరి ముందూ మొత్తం చెప్పాను. మంచు సంగతి, ముడి సంగతి, కాక నన్ను అడిగినది, నేను ఇచ్చిన మాట, అన్నీ.

ముందు ముసలాయన మాట్లాడాడు.

"నా బిడ్డ పెండ్లికి ఈ గడప తొక్కలె నేను. సచ్చినప్పుడు పాడె మోయ రమ్మంటె నడుం నొప్పన్న. నువ్వొచ్చి చెప్పి తేలికైనవు సారు. నేనెవరికి చెప్పుకోవాలె?"

క్షమించమని అడుగుదామనుకుని వెళ్ళిన వాణ్ణి, ఆ మాట అడగలేకపోయాను. ఆయన కర్ర ఆనించుకుని లేచి వెళ్ళిపోయాడు.

నేనూ లేవబోతుంటే కాక బిడ్డ ఆగమంది. లోపలికి వెళ్ళి ఒక నోటుపుస్తకం, పెన్నూ తెచ్చింది.

"కాగితం మీద రాసియ్యి సారు. నోటి మాట నువ్వు బస్సెక్కంగనే పోతది."

రాశాను. పక్క ఇంటి కోడలిని పిలిచింది. ఆ పిల్ల చదువుకున్నదట. గట్టిగా చదవమంది. మొదటిసారి విని మళ్ళీ చదవమంది. బడి ముందు చదవాలి, కల్లాల దగ్గర చదవాలి, ఎవరికి తెలియాలో తాను చూసుకుంటానంది. తండ్రి పేరు మాత్రం ఎక్కడా పుస్తకాల్లో రాయవద్దంది, ఆయన పేరు జనం నోళ్ళలో నలిగింది చాలునంది. తర్వాత ఆ పిల్లను తమ లంబాడీ భాషలో ఏదో అడిగి, కాగితం మీద ఒక చోట వేలు పెట్టించుకుంది.

"మా బాపు తప్పు నాది అన్నడని ఈడ రాసినవా?"

"ఆయన అన్న మాటే అమ్మా. అందరి ముందు అన్నడు."

"కొట్టెయ్యి. చేసింది నువ్వు, అన్నది మా బాపు. రాసిపెడితె రేపు అన్నదే మిగుల్తది."

పెన్ను తీసుకుని ఆ వరస మీద గీత గీశాను. ఆమె కాగితం వెలుతురుకు ఎత్తి చూసింది. ఆమెకు చదవడం రాదు, అయినా గీత కింద అక్షరాలు ఉన్నాయని తెలుస్తున్నది. కాగితం మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది.

"ఇంకా కనవడ్తున్నది సారు. మంచిగ కొట్టు."